టర్బో నుంచి బయటికొచ్చే పైపు: ఎంత సైజు, ఏ లోహం?

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే బండ్లలో ఇప్పుడు టర్బో (ఇంజినులోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేనివి వెతికి చూడాల్సిందే. లారీలే కాదు, కూరగాయలు మోసే పికప్పులు, జనాన్ని ఎక్కించుకునే జీపులు కూడా టర్బో డీజిళ్ళే. ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కుతుండగా టర్బో పైపు ఊడినా, పగిలినా ఏమవుతుందో ఆ రూట్లో తిరిగే డ్రైవర్లకు చెప్పక్కర్లేదు. బండి లాగడం మానేస్తుంది, వెనక నల్లటి పొగ కమ్మేస్తుంది. ఆ తర్వాత గ్యారేజీలో వినబడే మాట దాదాపు ఒకేలా ఉంటుంది: "కంపెనీ పైపు సన్నంగా ఉందండి, కొంచెం లావుది వేసేద్దాం. ఎస్‌ఎస్‌లో చేయిస్తే ఇంక పోనే పోదు."

ఇందులో రెండు సలహాలున్నాయి. ఒకటి లావు పెంచమని, రెండోది స్టెయిన్‌లెస్ వాడమని. రెండూ కొన్నిచోట్ల సరైనవే. కొన్నిచోట్ల డబ్బు దండగ. ఒకటి రెండు చోట్ల ఇంజినుకే చేటు. ఏది ఎక్కడ వర్తిస్తుందో తేలాలంటే ముందు అడగాల్సింది సైజు గురించి కాదు. టర్బోకి ఏ వైపు నుంచి బయటికొచ్చే పైపు గురించి మాట్లాడుతున్నాం అన్నది అడగాలి. ఎందుకంటే టర్బోకి బయటికి పోయే దారులు రెండు. ఒకదానికి మంచిదైన సలహా రెండోదానికి పనికిరాదు.

టర్బోలో ఒకే షాఫ్టుకి ఈ చివర ఒక చక్రం, ఆ చివర ఒక చక్రం ఉంటాయి. వాటి చుట్టూ నత్తగుల్లల్లాంటి రెండు గదులు. ఇంజినులోంచి వచ్చే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పి, సైలెన్సర్ వైపు పోతుంది. ఆ చక్రం తిరిగితే రెండో చక్రం తిరుగుతుంది. అది ఎయిర్ ఫిల్టర్ నుంచి గాలిని లాక్కుని, ఒత్తి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజినులోకి పంపుతుంది. మొదటి వైపు నుంచి బయటికొచ్చేదాన్ని డౌన్‌పైపు అంటారు. రెండో వైపు నుంచి వచ్చేది బూస్ట్ పైపు. తేలిగ్గా ఉండటానికి ఇక్కడ పొగ పైపు, గాలి పైపు అని పిలుస్తాను.

గాలి పైపులో ఒత్తిడి ఎక్కువ, వేడి ఒక మోస్తరు. అందులో పోయేది ఫిల్టర్ దాటిన శుభ్రమైన గాలి, నేరుగా సిలిండర్లలోకి వెళ్ళేది. పొగ పైపులో ఒత్తిడి దాదాపు లేదు, వేడి మాత్రం భయంకరం. అందులో పోయే వాయువు గాలి పైపులోకంటే మూడు రెట్లకు పైగా చోటు అడుగుతుంది. సైజు లెక్కైనా, లోహం ఎంపికైనా ఈ తేడా నుంచే వస్తుంది.

గాలి పైపు ఎంత లావుండాలి

ఒక 2.5 లీటర్ల డీజిల్ ఇంజిను తీసుకుందాం. బొలేరో పికప్‌లో వచ్చిన 2,523 సీసీ ఇంజినూ, పాత ఇన్నోవాలోని 2,494 సీసీ ఇంజినూ దీనికి దగ్గరే. నాలుగు స్ట్రోకుల ఇంజిను రెండు చుట్లు తిరిగితే ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. 3,600 ఆర్‌పీఎం దగ్గర అంటే నిమిషానికి 1,800 సార్లు, మొత్తం 4,500 లీటర్లు. సెకనుకు 75 లీటర్లు. సిలిండరు ఎప్పుడూ నూటికి నూరు పాళ్ళు నిండదు కాబట్టి 90 శాతం వేసుకుంటే సెకనుకు 67 లీటర్ల చిల్లర.

ఈ లెక్కలో బూస్ట్, అంటే టర్బో అదనంగా ఎక్కించే ఒత్తిడి, ఎంతన్నది ఎక్కడా రాలేదు, గమనించండి. బూస్ట్ పెరిగితే అదే 67 లీటర్లలో గాలి దట్టంగా కూరుకుంటుంది తప్ప, ఇంటర్‌కూలర్ దాటిన పైపులో ప్రవహించే లీటర్లు పెరగవు. గాలి వేగమూ అంతే ఉంటుంది. దట్టంగా ఉన్న గాలి పైపులో కాస్త ఎక్కువ ఒత్తిడి పోగొట్టుకునే మాట నిజమే. కానీ మొత్తం ఒత్తిడి కూడా అదే లెక్కన పెరిగింది కాబట్టి పోయిన శాతం మారదు. "బూస్ట్ పెంచాం, పైపు కూడా లావు చెయ్యాలి" అనే వాదన ఇక్కడే సగం పడిపోతుంది. పైపు సైజుని నిర్ణయించేవి ఇంజిను సీసీ, అది తిరిగే వేగం.

టర్బోకీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య గాలి వేడిగా ఉంటుంది కాబట్టి అదే గాలి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది. బయటి ఒత్తిడి మీద ఒకటింబావు బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) బూస్టూ, 150 డిగ్రీల వేడీ అనుకుంటే సెకనుకు సుమారు 84 లీటర్లు. ఈ గాలి ఒకటిన్నర మీటరు పొడవు, మూడు నున్నని బెండ్లు ఉన్న పైపులో పోతోందనుకుని లెక్క వేస్తే ఇలా వస్తుంది. లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లయితే గాలి సెకనుకు 74 మీటర్ల వేగంతో పరుగెత్తాలి, దారిలో దాదాపు 0.08 బార్ పోతుంది. 50 మిల్లీమీటర్లయితే వేగం 43 మీటర్లకు, నష్టం 0.025 బార్‌కు దిగుతుంది. 63 మిల్లీమీటర్లకు పెంచితే నష్టం 0.01 బార్ లోపే.

38 నుంచి 50కి వెళ్ళడంలో లాభం ఉంది. 50 నుంచి 63కి వెళ్తే మిగిలేది 0.015 బార్. పైపులో ఉన్న మొత్తం ఒత్తిడిలో అది ఒక శాతం కూడా కాదు. స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషికి అది తెలిసే అవకాశమే లేదు. ఘర్షణ వల్ల పోయే ఒత్తిడి వ్యాసం ఐదో ఘాతంతో విలోమంగా తగ్గుతుంది. అందుకే పైపు మరీ సన్నంగా ఉన్నప్పుడు ప్రతి మిల్లీమీటరుకీ విలువుంటుంది, ఒక సైజు దాటాక ఎంత పెంచినా ఫలితం కనబడదు.

దీనికంటే ముఖ్యమైన సంగతి బెండ్లది. నున్నగా, చాలినంత వ్యాసార్ధంతో వంచిన బెండు దగ్గర పోయే ఒత్తిడి కొంచెమే. రెండు ముక్కల్ని ఏటవాలుగా కోసి మూలమట్టంగా అతికిస్తే ఒక్కో మూల దగ్గర దానికి మూడు నాలుగు రెట్లు పోతుంది. పైన చెప్పిన 50 మిల్లీమీటర్ల పైపులోనే మూడు బెండ్లనూ అలా కోసి అతికిస్తే నష్టం 0.025 నుంచి 0.065 బార్‌కు ఎగబాకుతుంది. అంటే నున్నగా వంచిన సన్నపాటి కంపెనీ పైపు తీసేసి, మూలలు కోసి అతికిన లావు పైపు వేయించుకున్నవాళ్ళు డబ్బిచ్చి నష్టం కొనుక్కుంటున్నారు. ఈ విషయం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ డబ్బుతో మంచి బెండ్లు, మంచి క్లాంపులు కొనుక్కోవచ్చు.

బెండ్ల గురించే ఇంకొక మాట. మన దగ్గర పాత పద్ధతిలో పైపులో పొడి ఇసుక దట్టించి, వేడి చేసి వంచుతారు. బెండు నొక్కుకుపోకుండా చక్కగా వస్తుంది, కాదనను. పొగ పైపుకి ఆ పద్ధతి పరవాలేదు. గాలి పైపుకి మాత్రం వద్దు. వేడికి లోపలి గోడకు అంటుకున్న రేణువులు ఎంత దులిపినా కొన్ని మిగులుతాయి. అవి తర్వాత ఎప్పుడో ఊడి, ఎయిర్ ఫిల్టర్ దాటిన దారిలో ఉంటాయి కాబట్టి ఇంటర్‌కూలర్‌లో పేరుకుంటాయి, లేదంటే సిలిండరు గోడల్ని గీస్తాయి. రెడీమేడ్ మాండ్రెల్ బెండ్లు (లోపల అచ్చు పెట్టి, నొక్కుకుపోకుండా వంచినవి) కొని అతికించుకోవడం మేలు.

పైపు లావు పెంచితే టర్బో లాగ్, అంటే యాక్సిలరేటర్ తొక్కాక బలం అందడంలో ఆలస్యం, పెరుగుతుందన్న భయం గురించి కూడా చెప్పాలి. 50 మిల్లీమీటర్ల పైపు ఒకటిన్నర మీటరుకి సుమారు మూడు లీటర్లు పడుతుంది, 63ది 4.7 లీటర్లు. అదనంగా నిండాల్సింది రెండు లీటర్ల లోపే. సెకనుకు పదుల లీటర్లు పీల్చే ఇంజినుకి అది సెకనులో చిన్న భాగం. లాగ్‌కి అసలు కారణాలు టర్బో చక్రాల బరువు, వాటి సైజు, పైపులో ఎక్కడో ఉన్న లీకు. కాబట్టి లావు పైపు వద్దనడానికి లాగ్ సరైన కారణం కాదు.

సరైన కారణం వేరే ఉంది. పైపులోని ఒత్తిడి పైపు చివర ఉన్న రబ్బరు హోసుని బయటికి నెడుతుంది. ఎంత బలంగా నెడుతుందన్నది పైపు నోటి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. బూస్ట్ 1.5 బార్ ఉంటే 50 మిల్లీమీటర్ల పైపు దగ్గర ఆ తోపు 30 కిలోల బరువంత. 63 మిల్లీమీటర్లయితే 47 కిలోలు దాటుతుంది. వ్యాసం నాలుగోవంతు పెరిగితే జాయింటు మీద భారం దాదాపు 60 శాతం పెరిగింది. క్లిప్పు మాత్రం పాతదే. ఘాట్‌లో పైపు ఊడిందంటే చాలాసార్లు కారణం ఇదే.

అందుకని గాలి పైపుకి నా సమాధానం: టర్బో మూతి ఎంతుందో, ఇంటర్‌కూలర్ మూతి ఎంతుందో కొలవండి, ఆ రెండింటి మధ్యలో ఉండండి. రెండూ ఒకే సైజైతే అదే సైజు. కంపెనీ పైపు లోపలి వ్యాసం ఎక్కడైనా వీటికంటే బాగా సన్నబడి ఉంటే ఆ ముక్క మార్చడంలో అర్థముంది. సైజు మారే చోట ఒక్కసారిగా కాకుండా పొడవైన కోను ముక్కతో మార్చాలి.

పైపు కొట్లో సైజు చెప్పేటప్పుడు ఒక తిరకాసు ఉంది. రెండించి ట్యూబు అంటే బయటి వ్యాసం 50.8 మిల్లీమీటర్లు. 16 గేజ్ మందం, అంటే 1.6 మిల్లీమీటర్లు, రెండు పక్కలా తీసేస్తే లోపల మిగిలేది 47.6. అదే నీళ్ళ పైపుల కొట్లో రెండించి అడిగితే ఇచ్చేదాని బయటి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. పేరు ఒకటే, సైజు వేరు. 51 మిల్లీమీటర్ల హోసు మొదటిదానికి చక్కగా పడుతుంది, రెండోదానికి ఎక్కనే ఎక్కదు. నోటి లెక్క నమ్మకుండా వెర్నియర్‌తో కొలిచి బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో రాసుకుని వెళ్ళాలి.

గాలి పైపుకి ఏ లోహం

గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. ఎండాకాలంలో బయట 38 డిగ్రీలుండి, టర్బో గాలిని రెండుంబావు రెట్లు ఒత్తితే, కంప్రెసర్ (టర్బోలో గాలిని ఒత్తే చక్రం) సామర్థ్యం 70 శాతం ఉన్నా బయటికొచ్చే గాలి 150 డిగ్రీలు దాటుతుంది. సామర్థ్యం తగ్గితే 170 కూడా రావచ్చు. ఘాట్ పైకి పోయేకొద్దీ ఇది ఇంకాస్త పెరుగుతుంది. ఘాట్ దాటాక వచ్చే కోరాపుట్ సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంది, అక్కడ గాలి పలచన. ఇంజినుకి అదే ఒత్తిడి అందించాలంటే టర్బో మరింత గట్టిగా ఒత్తాలి.

170 డిగ్రీలన్నది లోహాలకు లెక్కలోది కాదు. ఒత్తిడి కూడా అంతే. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపులో 1.5 బార్ బూస్ట్ కలిగించే తన్యత మామూలు మైల్డ్ స్టీలు తట్టుకోగలదాంట్లో నూరో వంతు. కాబట్టి గట్టిదనం కోసం మందమైన పైపు వేయించడంలో అర్థం లేదు. మందం కావాల్సింది వెల్డింగ్ కాలిపోకుండా ఉండటానికి, రాయి తగిలితే సొట్ట పడకుండా ఉండటానికి. 1.5 మిల్లీమీటర్లు చాలు. అంతకంటే మందమైతే బరువు పెరిగి, ఆ బరువంతా హోసుల మీద వేలాడుతుంది.

గాలి పైపు విషయంలో లోహాన్ని ఎంచాల్సింది తుప్పుని చూసి. ఎంఎస్ (మైల్డ్ స్టీలు) పైపు చవక, ఏ వెల్డరైనా అతుకుతాడు. కానీ మనది తడిగాలి ప్రాంతం. భోగాపురం, పూసపాటిరేగ మొదలు శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం, బారువ దాకా తీరం పొడుగునా ఉప్పుగాలి. రాత్రి బండి చల్లబడినప్పుడు పైపు లోపల చెమ్మ పడుతుంది, లోపలి గోడ తుప్పు పడుతుంది. బయట పెయింటు వేస్తాం, లోపల ఏం వేస్తాం? ఆ తుప్పు పొరలుగా రాలి ఇంజినులోకే పోతుంది, మధ్యలో ఆపడానికి ఫిల్టర్ లేదు. ఎంఎస్ పైపు తప్పనిసరైతే అది తాత్కాలికం అనుకోవాలి.

అల్యూమినియం ఇక్కడ నాకు బాగా నచ్చే లోహం. తేలిక, ఎర్ర తుప్పు పట్టదు. 6061, 6063 రకాల పైపులు ఈ పనికి సరిపోతాయి. రెండు జాగ్రత్తలు కావాలి. ఒకటి, దాన్ని ఆర్గాన్ వెల్డింగ్‌తోనే, చెయ్యి తిరిగినవాళ్ళతోనే అతికించాలి. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన లోహం బలం బాగా తగ్గిపోతుంది. వణుకు ఎక్కువగా ఉండే డీజిల్ ఇంజినులో చీలిక వచ్చేది అక్కడే. అందుకే అతుకులు తక్కువ, ఆధారాలు ఎక్కువ ఉండేట్టు చూసుకోవాలి. రెండోది, ఉప్పుగాలిలో అల్యూమినియం ఇనుప క్లాంపుకి నేరుగా ఆనుకుని ఉంటే ఆ చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో రబ్బరు ముక్క పెట్టాలి.

304 స్టెయిన్‌లెస్ గాలి పైపుకి నిస్సందేహంగా మంచిదే. అయితే దాన్ని అతికేటప్పుడు బయట నుంచే కాకుండా పైపు లోపల కూడా ఆర్గాన్ వదలాలి. వదలకపోతే అతుకు లోపలి వైపు నల్లగా, గరగరలాడే పొక్కులు కడుతుంది. అవి తర్వాత రాలుతాయి. ఏ లోహమైనా సరే, బిగించే ముందు లోపల గ్రైండింగ్ పొడి, వెల్డింగ్ గుళ్ళు లేకుండా బ్రష్‌తో రుద్ది, కడిగి, ఆరబెట్టి, వేలుపెట్టి చూసుకోవాలి. ఆ పనికి అరగంట పడుతుంది. చాలామంది ఎగ్గొట్టేది ఆ అరగంటే.

కంపెనీలు ఈ మధ్య ఈ పైపుల్ని గాజు నార కలిపిన నైలాన్‌తో చేస్తున్నాయి. ప్లాస్టిక్ అని చిన్నచూపు చూడక్కర్లేదు. తుప్పు పట్టదు, లోపల నున్నగా ఉంటుంది, తేలిక. పగిలితే అతకడానికి కుదరదు, అంతే తేడా.

ఇక హోసులు. ఇంజిను తన రబ్బరు మౌంటుల మీద ఊగుతుంది, ఛాసిస్‌కి బిగించిన ఇంటర్‌కూలర్ ఊగదు. ఈ రెండింటినీ ఒకే లోహపు పైపుతో కలిపేస్తే ఎంత మంచి లోహమైనా పగులుతుంది. కాబట్టి రెండు చివర్లా హోసు ముక్కలు తప్పవు. వాటి చోట రేడియేటర్ హోసు ముక్క కోసి పెట్టడం చూస్తుంటాం. రేడియేటర్ హోసు రబ్బరు నీళ్ళకి, సుమారు 120 డిగ్రీల వేడికి చేసింది. దానికి నూనె పడదు. టర్బో పైపులో నూనె ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే ఇంజిను బ్రీతర్ (లోపలి ఆవిరి బయటికి వచ్చే గొట్టం) నుంచి వచ్చే నూనె ఆవిరి టర్బో ముందు గాలిలోనే కలుస్తుంది. ఆ నూనెకు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ఒక రోజు ఘాట్‌లో చిట్లుతుంది. సిలికోన్ హోసు 180 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. కానీ మామూలు సిలికోన్ కూడా నూనెను మెల్లగా పీల్చుకుంటుంది. టర్బోని ఆనుకునే మొదటి హోసుకి లోపల ఫ్లోరోసిలికోన్ పొర ఉన్నదే అడిగి తీసుకోవాలి. పైపు లోహం మీద పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్ళిస్తే బండి దారిలో ఆగే అవకాశం చాలా తగ్గుతుంది.

పైపు చివర చుట్టూ ఉబ్బెత్తు గీత ఉండాలి. లేత్ షాపులో బీడ్ రోలర్ లేకపోతే వెల్డింగ్‌తో చుట్టూ సన్నటి గట్టు పోయించి నున్నగా రుద్దించవచ్చు. క్లాంపు ఆ గట్టుకి వెనక, హోసు అంచుకి లోపల పడాలి. స్క్రూతో బిగించే సన్న క్లిప్పు పళ్ళు మెత్తటి సిలికోన్‌ని కోస్తాయి. టీ-బోల్ట్ క్లాంపు వెడల్పుగా, సమంగా పడుతుంది. 30 కిలోల తోపుని రోజూ ఆపాల్సింది ఇదే కాబట్టి ఇక్కడ చవక చూడొద్దు.

పొగ పైపు లెక్క వేరు

అదే ఇంజిను, అదే వేగం. టర్బైన్ (టర్బోలో పొగ తిప్పే చక్రం) దాటిన పొగ ఘాట్‌లో ఫుల్ లోడు మీద 400 నుంచి 500 డిగ్రీల మధ్య ఉంటుంది. 450 అనుకుంటే సెకనుకు 300 లీటర్లు దాటుతుంది. 50 మిల్లీమీటర్ల పైపులో అది సెకనుకు 156 మీటర్ల వేగంతో పోవాలి. మూడు మీటర్ల పొడవు, నాలుగు బెండ్లు ఉంటే 0.15 బార్ ఎదురొత్తిడి పుడుతుంది. 63 మిల్లీమీటర్లకు వెళ్తే 0.055కి, 76కి వెళ్తే 0.025కి దిగుతుంది. సైలెన్సర్ వల్ల పుట్టేది దీనికి అదనం.

ఇక్కడ లావు పెంచితే ఫలితం కనబడుతుంది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. టర్బైన్ పని చేసేది ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ మధ్య నిష్పత్తి మీద. ఆ నిష్పత్తి 2 ఉందనుకుంటే, వెనక 0.1 బార్ పెరిగితే అదే పని రాబట్టడానికి ముందు 0.2 బార్ పెరగాలి. ఆ ఒత్తిడికి ఎదురుగా పిస్టన్లు పొగను తోయాలి. టర్బో లేని ఇంజినులో పొగ పైపు పొడవు, సన్నదనం పొగలో పుట్టే ఒత్తిడి అలల లెక్కతో ముడిపడి ఉంటాయి. టర్బైన్ ఆ అలల్ని చాలావరకు చెదరగొట్టేస్తుంది కాబట్టి, దాని తర్వాత పైపు ఎంత వదులుగా ఉంటే అంత మంచిది. "కొంచెం ఎదురొత్తిడి ఉండాలి, లేకపోతే పికప్ పోతుంది" అనే మాట టర్బో వెనక వర్తించదు. 2.5 లీటర్ల ఇంజినుకి రెండున్నర ఇంచీల పైపు సరిపోతుంది. మూడించీలు వేస్తే ఇంకాస్త మేలు, కింద చోటు ఉంటే.

కానీ ఒక గీత ఉంది. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో టర్బో వెనకే పొగను శుభ్రం చేసే కెటలిస్టు, మసిని పట్టే ఫిల్టర్, వాటికి సెన్సర్లు ఉంటాయి. వాటిని తీసేసి ఖాళీ పైపు వేయించడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. పొగ మన ఊళ్ళోనే, మన పిల్లల ముక్కుల్లోకే పోతుంది. ఈ పని చేసిపెడతామన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. పాత బండ్లలో తుప్పు పట్టిన పైపు మార్చుకునేవాళ్ళకే కింది మాటలు.

ఈ వైపు అల్యూమినియం ఊసే ఎత్తకూడదు. 200 డిగ్రీలు దాటితే బలం పోతుంది, 600 దగ్గర్లో కరగడం మొదలవుతుంది. దీనికంటే మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు. బోరుకి తెచ్చిన ముక్క మిగిలింది, గట్టిగా ఉంది, తుప్పు పట్టదు అని సైలెన్సర్‌కి అతికేస్తారు. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తుప్పు నుంచి కాపాడాల్సిన పూత ఘాట్‌లోనే పాడైపోతుంది, మిగిలేది మామూలు ఇనుము. పైగా దాన్ని వెల్డింగ్ చేసేటప్పుడు లేచే తెల్లటి జింకు పొగ పీల్చిన వెల్డర్‌కి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. ఎవరిచేతా ఈ పని చేయించకండి.

ఎంఎస్ పైపు ఈ వేడికి నిలబడుతుంది కానీ 500 డిగ్రీలు దాటే చోట పొలుసులు లేస్తుంది. టర్బోకి దూరంగా, సైలెన్సర్ తర్వాత దాన్ని వాడుకోవచ్చు. అల్యూమినియం పూత వేసిన స్టీలు దొరికితే ఇంకా మెరుగు. టర్బోని ఆనుకున్న మొదటి ముక్కకి మాత్రం స్టెయిన్‌లెస్ తీసుకోవాలి. కంపెనీలు ఎక్కువగా వాడేది 409 రకం. అందులో క్రోమియం 11 శాతం దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి పైన గోధుమరంగు తుప్పు కనబడుతుంది, లోతుకి పోదు. మెరుపు లేదని దాన్ని నాసిరకం అనుకోకూడదు. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. తుప్పుని బాగా ఆపుతుంది, ధరా ఎక్కువే. వెల్డింగ్ చేసే పైపుకి కార్బన్ తక్కువున్న 304ఎల్ ఇంకా మంచిది. మామూలు 304ని ఎక్కువ కాలం 450 డిగ్రీల పైన ఉంచితే అతుకు పక్కన క్రోమియం కార్బన్‌తో కలిసిపోయి ఆ గీత వెంబడి తుప్పు మొదలవుతుంది.

ఎస్‌ఎస్ అంటే 304 అనే నమ్మకం ఇంకో పెద్ద చిక్కు. మేడ మెట్ల రెయిలింగులకి, గేట్లకి వాడే మెరిసే పైపుల్లో చాలావాటిది 202 రకం. నికెల్ ఖరీదు కాబట్టి దాన్ని కొంత తగ్గించి, ఆ చోటు మాంగనీసుతో నింపుతారు. గరివిడి, చీపురుపల్లి వైపు గనులు చూసినవాళ్ళకి మాంగనీసు కొత్తేమీ కాదు. స్టీలుకి అది ఎంతో మేలు చేసే లోహమే, కానీ తుప్పుని ఆపడంలో 202 రకం 304కి సాటిరాదు, ముఖ్యంగా వేడీ ఉప్పూ కలిసిన చోట. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందంటారు. తెలియదు. 202 గానీ 304 గానీ అయస్కాంతానికి అంటుకోవు, అంటుకున్నా వంచిన చోట కొంచెంగానే. గట్టిగా అంటుకునేది 409. కాబట్టి అంటుకున్నదాన్ని నకిలీ అని, అంటుకోనిదాన్ని అసలు అని తీర్పు ఇవ్వడం తలకిందుల లెక్క. పైపు మీద ముద్రించిన గ్రేడు చూడాలి, బిల్లు మీద గ్రేడు రాయించుకోవాలి. రెయిలింగ్ కొట్లో మిగిలిన ముక్కని టర్బోకి వేయించుకోకూడదు.

స్టెయిన్‌లెస్ వేస్తే మరిచిపోకూడనిది దాని వ్యాకోచం. చలి ఇంజిను నుంచి 450 డిగ్రీలకు వెళ్ళేసరికి మీటరు పొడవు 304 పైపు 7 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, ఎంఎస్ అయితే 5 నుంచి 6 మిల్లీమీటర్లు. రెండు చివర్లూ బిగించి ఉన్న పైపు ఆ సాగుడుని ఎక్కడో చూపిస్తుంది. టర్బైన్ ఫ్లాంజి వంకరపోతుంది, స్టడ్లు తెగుతాయి, లేదా అతుకు విడుతుంది. అందుకే మొదటి మీటరులోపు బెల్లోస్ (సాగి ముడుచుకునే ముడతలు) ఉన్న ఫ్లెక్సిబుల్ ముక్క పెట్టించి, పైపు బరువుని గేర్‌బాక్సుకో ఇంజినుకో బ్రాకెట్‌తో మోయించాలి. టర్బోకి వేలాడదీయకూడదు. వేడి బయటికి రాకుండా చుట్టే గాజు నార బట్ట స్టెయిన్‌లెస్ మీద పరవాలేదు. ఎంఎస్ మీద చుడితే వాన నీటిని పట్టి ఉంచి తుప్పుని తొందరచేస్తుంది. ఇంజిను ఆయిల్ కారుతున్న బండికి అసలు చుట్టొద్దు, నూనె తాగిన బట్ట అంటుకుంటుంది.

బిగించాక పరీక్ష

గాలి పైపుకి, టర్బో గాలి పీల్చుకునే నోటి దగ్గర మూత బిగించి, రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తో అర బార్ దాకా మెల్లగా గాలి పెట్టి, ప్రతి జాయింటు మీద సబ్బునీళ్ళు పోయాలి. బ్రీతర్ పైపు ముందే మూసుకోవాలి, లేకపోతే గాలి క్రాంక్‌కేసులోకి పోయి సీళ్ళు దెబ్బతింటాయి. రెగ్యులేటర్ లేకుండా టైర్ల గాలి పైపు నేరుగా తగిలించకూడదు, మూత తూటాలా ఎగురుతుంది. బుడగ వచ్చిన ప్రతి జాయింటునీ సరిచేయాలి. చిన్న లీకే కదా అని వదిలేస్తే, ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న బండిలో తగ్గిన ఒత్తిడిని పూరించడానికి కంప్యూటర్ టర్బోని ఇంకా వేగంగా తిప్పుతుంది. అలా హద్దు మీరి తిరిగిన టర్బో బేరింగులు తొందరగా అరుగుతాయి.

పొగ పైపు లీకుకి సబ్బునీళ్ళు అక్కర్లేదు. నాలుగు రోజులు నడిపాక ఫ్లాంజి చుట్టూ, అతుకుల మీద నల్లటి మసి గీతలు కనబడితే అక్కడ ప్యాకింగ్ కూర్చోలేదని అర్థం. హోసు క్లాంపుల్ని మాత్రం మొదటిసారి లోడుతో ఘాట్ ఎక్కి దిగాక, ఇంజిను పూర్తిగా చల్లారాక ఇంకోసారి బిగించాలి. కొత్త సిలికోన్ ఆ మొదటి వేడికి కొంచెం అణుగుతుంది, క్లాంపు వదులవుతుంది.